కాగజ్ మనదే, మరి మడత?

పోయిన వేసవి సెలవుల్లో మా మొహల్లా మస్జిద్ పైగదిలో పిల్లలకి నెలరోజులు క్లాసులు పెట్టాం. పొద్దున హాఫిజ్ సాబ్ దగ్గర నాజిరా, కాస్త హదీస్. ఆ తర్వాత లెక్కలు. ఆఖరి అరగంట ఆట. ఆ అరగంట నా జిమ్మా. నాకు వచ్చిన ఆట ఒక్కటే, కాగితం మడతలు. పడవ, చొక్కా, గెంతే కప్ప, రెక్కలు విప్పే కొంగ. ప్రపంచమంతా దీన్ని ఒరిగామి అంటోంది. జపాన్ మాట అది. ఓరి అంటే మడత, కామి అంటే కాగితం.

ఒకరోజు కొంగ మడతపెట్టిస్తూ, ఫఖ్ర్‌గా ఒక మాట అన్నాను. "ఈ హునర్ యూరప్‌కి నేర్పింది మనవాళ్లే బేటా. స్పెయిన్‌ని ఏలిన ముసల్మాన్లు. బొమ్మలు చేయడం మనకి మనా కాబట్టి వాళ్లు కాగితంతో జామెట్రీ మడతలు మాత్రమే చేశారు. వాళ్ల దగ్గర నేర్చుకుని స్పెయిన్‌వాళ్లు పిట్టల్ని చేశారు."

పిల్లలు కళ్లు పెద్దవి చేసుకుని విన్నారు. ఏడో తరగతి అమ్మాయి ఒకతె మాత్రం చేతిలో సగం మడిచిన కొంగ పట్టుకుని అడిగింది. "సార్, ఇది ఎవరు చెప్పారు? ఆయనకి ఎవరు చెప్పారు?"

గుస్తాఖీగా అడగలేదు. పొద్దున హదీస్ క్లాసులో హాఫిజ్ సాబ్ అదే నేర్పించారు. ఫలానా ఆయన ఫలానా ఆయన దగ్గర విన్నారు, ఆయన ఇంకొకరి దగ్గర విన్నారు అని రావీల గొలుసు. దాన్ని ఇస్నాద్ అంటారు. గొలుసులో ఒక్క కడియం తెగినా రివాయత్ జయీఫ్ అవుతుంది. ఆ తరాజూనే తెచ్చి నా ముందు పెట్టింది పిల్ల. "పుస్తకంలో చదివానమ్మా" అన్నాను. ఏ పుస్తకమో చెప్పలేకపోయాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అప్పటినుంచి చేసిన తహఖీఖ్ ఇది. నేను అన్న మాటని నేనే వాపస్ తీసుకుంటున్నాను కాబట్టి, దానికి హిసాబు ఇక్కడ రాస్తున్నాను.

ముందు కాగితం సంగతి. ఇందులో మన వాటా గట్టిది.

కాగితం పుట్టింది చైనాలో. క్రీ.శ. 105లో సాయ్ లున్ అనే దర్బారీ అధికారి దాన్ని చక్రవర్తికి చూపించాడని అక్కడి చరిత్ర చెబుతుంది. అంతకంటే పాత ముక్కలు తవ్వకాల్లో దొరికాయి కాబట్టి ఆయన చేసింది ఈజాద్ కాదు, ఇస్లాహ్ అనుకోవాలి. మనవాళ్ల చేతికి ఎలా వచ్చిందంటే అందరికీ తెలిసిన కిస్సా ఒకటుంది. 751లో తలాస్ నది దగ్గర అరబ్బులకీ చైనా ఫౌజ్‌కీ జంగ్ అయింది. అందులో పట్టుబడ్డ చైనా ఖైదీలు సమర్ఖండ్‌లో కాగితం చేయడం నేర్పారు. ఇది నేనూ చాలాసార్లు చెప్పాను. చూస్తే, ఈ మాట రాసిన సఆలిబీ 1038లో చనిపోయిన మనిషి. జంగ్‌కీ ఆయన కలానికీ మధ్య రెండున్నర శతాబ్దాలకి పైగా దూరం. ఇస్లామీ ప్రపంచంలో కాగితం చరిత్ర మీద పెద్ద పుస్తకం రాసిన జొనాథన్ బ్లూమ్, మధ్య ఆసియాలో ఆ జంగ్‌కి ముందే కాగితం వాడుకలో ఉందని చూపించాడు. బౌద్ధ భిక్షువులూ తాజిర్లూ దాన్ని అప్పటికే తెచ్చేశారు. అంటే మొదటి అడుగులోనే ఒక జయీఫ్ రివాయత్ తగిలింది.

కానీ అక్కడినుంచి ముందుకి వస్తే నేల గట్టిగా ఉంది. 8వ శతాబ్దం చివరికి, హారూన్ రషీద్ కాలానికి, బగ్దాద్‌లో కాగితం తయారవుతోంది. దఫ్తర్లలో తోలు పత్రాల బదులు కాగితం వచ్చింది. తోలు మీద గీకి దిద్దితే జాడ పోతుంది, కాగితం మీద గీకితే పట్టుబడుతుంది. హుకూమత్‌కి అంతకంటే ఏం కావాలి? బగ్దాద్‌లో వర్రాఖుల బజార్ వెలిసింది. వర్రాఖ్ అంటే కాగితం అమ్మేవాడు, కితాబులు నకలు రాసేవాడు, అమ్మేవాడు, అన్నీ అతనే. 987 నాటికి అరబీలో ఉన్న కితాబులన్నిటికీ ఫిహ్రిస్త్ రాసిన ఇబ్నె నదీమ్ ఆ పేషా మనిషే. 12వ శతాబ్దంలో ఇద్రీసీ అనే జుగ్రాఫియా ఆలిమ్, స్పెయిన్‌లోని షాతిబా ఊరి కాగితానికి సాటి లేదని తారీఫ్ చేశాడు. ఆ ఊరు ఇప్పటి హతివా. యూరప్ కాగితం నేర్చుకున్నది మనవాళ్ల దగ్గరే. ఇందులో షక్ లేదు.

సబూత్ కావాలంటే కితాబులు కూడా అక్కర్లేదు, స్టేషనరీ దుకాణానికి వెళ్లండి. రీము కాగితాలు అడుగుతాం. ఇంగ్లీషు రీముకి మూలం స్పానిష్ రెస్మా, దానికి మూలం అరబీ రిజ్మా, అంటే మూట. దస్తా కాగితాలు అడుగుతాం, దస్తా ఫార్సీ. కాగితం అనే తెలుగు మాటే ఫార్సీ కాగజ్ నుంచి వచ్చింది. దౌలతాబాద్ పక్కన కాగజీపురా అనే ఊరుంది. ముహమ్మద్ బిన్ తుగ్లఖ్ ఢిల్లీ నుంచి రాజధాని మార్చినప్పుడు వెంట వచ్చిన కాగజీలు అక్కడ స్థిరపడ్డారని ఆ ఊరివాళ్లు చెప్పుకుంటారు. చేతితో కాగితం చేయడం ఆ ఊరి ఖాందానీ పేషా.

కాబట్టి కాగజ్ విషయంలో నా ఫఖ్ర్ జాయజే. తప్పు చేసిందల్లా అక్కడినుంచి ఒక్క గెంతులో మడత మీదకి దూకడం. కాగితం ఇచ్చినవాడే మడత కూడా ఇచ్చి ఉంటాడని అనుకోవడం ఖియాస్. ఖియాస్ సబూత్ కాదు.

ఇప్పుడు ఆ దావాని తరాజూలో పెడదాం. మూడు గవాహీలు అడిగాను. రాసింది ఏదైనా ఉందా? వస్తువు ఏదైనా మిగిలిందా? భాషలో మాట ఏదైనా నిలిచిందా?

రాసింది లేదు. అందలుస్‌లో పిల్లలో పెద్దలో కాగితంతో బొమ్మలో నక్షాలో మడిచారని చెప్పే అరబీ కితాబు ఒక్కటీ ఈ దావా చేసినవాళ్లెవరూ చూపించలేదు. కారీగర్ల జామెట్రీ మీద కితాబు మాత్రం ఉంది. 10వ శతాబ్దంలో బగ్దాద్‌లో ఉన్న అబుల్ వఫా బూజ్‌జానీ రాశాడు. మూడు సమానమైన చతురస్రాలని కోసి ఒక్క చతురస్రంగా ఎలా కలపాలి అని కారీగర్లకీ ముహందిస్‌లకీ మధ్య జరిగిన బహస్ అందులో ఉంది. కారీగర్లు చేతికి కుదిరింది చాలనుకున్నారు. ముహందిస్‌లు కాగితం మీద రుజువైతే చాలనుకున్నారు. ఇద్దరి గలతీనీ అబుల్ వఫా చూపించాడు. గొప్ప కితాబు. కానీ అందులో ఉన్నది కోయడం, అతకడం. మడవడం కాదు.

వస్తువు లేదు. అందలుస్ కాలపు మడత బొమ్మ ఏ మ్యూజియంలోనూ లేదు. మడిచిన కాగితాలు ఉన్నాయి, అది వేరే సంగతి. కైరోలో ఒక యూదుల ప్రార్థనామందిరం కొట్టులో దొరికిన వేల కాగితాల్లో మడిచి పంపిన ఖతులున్నాయి. మడిచి తావీజ్ డబ్బీలో పెట్టడం మన ఇళ్లలో ఇప్పటికీ ఉంది. కిరాణా కొట్టు పొట్లం కూడా మడతే. కాగితం ఉన్నచోటల్లా జనం దాన్ని మడుస్తారు. అంతమాత్రాన అది ఫన్ కాదు.

మాట కూడా లేదు. ఇది నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆలోచింపజేసింది. స్పానిష్ నిండా అరబీ మాటలు. చక్కెర అసూకర్, పత్తి అల్గోదోన్, తలగడ అల్మోఆదా, కాగితం మూట రెస్మా. మనం నేర్పినదాని వెంట మన మాట కూడా వెళ్లింది. మరి స్పెయిన్ పిల్లలు తరతరాలుగా మడిచే కాగితం పిట్టని ఏమంటారు? పహరీతా. చిన్న పిట్ట అనే అచ్చమైన స్పానిష్ మాట. మడత విద్యకి వాళ్లు వాడే పపిరోఫ్లెక్సియా అనే పేరు 20వ శతాబ్దంలో కట్టింది. ఎక్కడా అరబీ వాసన లేదు.

ఇక 'బొమ్మలు మనా కాబట్టి జామెట్రీ చేశారు' అనే దలీల్. ఇది వినడానికి ఎంత బాగుంటుందో అంత బోదా. 968లో ఖుర్తుబా దర్బార్‌లో షెహజాదా ముగీరా కోసం చేసిన ఏనుగుదంతపు డబ్బా పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది. దానినిండా మనుషులు, సింహాలు, గుర్రాలు, పిట్టలు. గర్నాతాలో అల్‌హమ్రా కోటలో 12 రాతి సింహాలు ఫౌంటెన్ మోస్తూ ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. దంతంతో పిట్టని చెక్కించుకున్నవాళ్లు కాగితం పిట్టకి భయపడ్డారా? మస్జిద్ గోడకీ మహల్ గోడకీ ఉన్న ఫర్ఖ్ తెలియనివాళ్లు అల్లిన దలీల్ అది. మనమీద వాళ్లకున్న ఒక ఖయాల్‌ని, మన తారీఫ్‌లా ఉందని మనమే ఎత్తుకుని తిరుగుతున్నాం.

అయితే ఈ మాట ఎక్కడినుంచి వచ్చింది? ఎక్కువగా కనిపించేది 20వ శతాబ్దపు మడతల పుస్తకాల ముందుమాటల్లో. హాబీ పుస్తకానికి చరిత్ర ఒక పేజీ కావాలి కదా. ఒకరు 'అయి ఉండొచ్చు' అని రాస్తే తర్వాతివారు 'అయింది' అని రాశారు. బ్రిటిష్ ఒరిగామి సొసైటీకి చెందిన డేవిడ్ లిస్టర్ వృత్తిరీత్యా వకీలు. ఏళ్ల తరబడి మడతల చరిత్రని వెతికిన ఆయన, వకీల్ లాగే సబూత్ అడిగి, ఈ దావాకి ఏ ఆధారమూ లేదని తేల్చాడు. ఫాసిఖ్ ఖబర్ తెస్తే తహఖీఖ్ చేసుకోండని సూరా హుజురాత్‌లో మనకి హుకుం ఉంది. మనకి ఇష్టమైన ఖబర్‌కి అందులో మినహాయింపు ఏమీ లేదు.

మన దావా తీసేస్తే మరి ఎవరిది గట్టిది? జపాన్‌దా? అక్కడ కూడా 'వెయ్యేళ్ల కళ' అనే మాట జాగ్రత్తగా తీసుకోవాలి. పెళ్లిళ్లలో సాకే సీసాలకి కట్టే కాగితం సీతాకోకచిలుకల ప్రస్తావన 1680లో సైకాకు అనే కవి రాసిన ఒక చిన్న పద్యంలో ఉంది. 1797లో క్యోటోలో 'సెన్‌బజురు ఒరికాతా' అచ్చయింది. ఒకే కాగితాన్ని కొన్ని గాట్లు పెట్టి, ఒకదానికొకటి అతుక్కుని ఉండే కొంగల్ని మడిచే 49 నమూనాలు అందులో ఉన్నాయి. వాటిని కల్పించింది కువానా ఊరి గుడి పూజారి ఒకాయన. సరదా కోసం మడిచే మడతల మీద మనకి తెలిసిన అతి పాత పుస్తకం అదే. అప్పుడు దాని పేరు ఒరిగామి కూడా కాదు. ఆ రోజుల్లో ఒరిగామి అంటే మడిచి ఇచ్చే సర్టిఫికెట్, కత్తి అసలుదని రాసిచ్చే సనద్ లాంటిది.

యూరప్‌కి తన దారి ఉంది. 1639లో ఇటలీలోని పాదువాలో మత్తియా గీగర్ అచ్చువేసిన పుస్తకంలో దావత్ బల్లమీద బట్ట రుమాళ్లని చేపలుగా, పిట్టలుగా మడిచే బొమ్మలున్నాయి. ఆ తర్వాత జర్మనీలో ఫ్రోబెల్ వచ్చాడు. 1840లో తన పిల్లల బడికి కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టిన మనిషి. చదరపు కాగితం మడవడం ఆయన తాలీమ్‌లో ఒక భాగం. 1876లో టోక్యోలో ఆ తరహా కిండర్‌గార్టెన్ తెరిచారు. అక్కడ జర్మనీ మడతా జపాన్ మడతా ఒకే బెంచీ మీద కూర్చున్నాయి. ఈరోజు మనం 'జపాన్ కళ' అంటున్నదాంట్లో ఫ్రోబెల్ బడి వాటా కూడా ఉంది. స్పెయిన్‌లో మిగేల్ దె ఉనామునో అనే పెద్ద ఫల్సఫీ కాఫీ బల్లల దగ్గర పిట్టలు మడుస్తూ కూర్చునేవాడు. 1902లో తన నవల చివర ఆ పిట్టల మీద ఒక హాస్య శాస్త్రమే రాసి అతికించాడు.

మన దక్కను వైపు కూడా ఒక గట్టి కడియం ఉంది, దాన్ని మనమే మరిచిపోయాం. 1893లో మద్రాసులో టి. సుందరరావు అనే ఆయన కాగితం మడతలతో జామెట్రీ నేర్పే ఇంగ్లీషు పుస్తకం అచ్చువేశాడు. అప్పటి మద్రాసు రాజధానిలో ఇప్పటి కోస్తా, రాయలసీమ జిల్లాలన్నీ ఉన్నాయి. ఈ ఖయాల్ తనకి కిండర్‌గార్టెన్ పిల్లలకిచ్చే రంగుకాగితాల పెట్టె నుంచి వచ్చిందని ముందుమాటలో తానే చెప్పుకున్నాడు. చూడండి, తన ఇస్నాద్ తానే రాసిపెట్టాడు. జర్మనీ గణిత శాస్త్రవేత్త ఫెలిక్స్ క్లైన్ ఆ పుస్తకాన్ని 1895లో ప్రస్తావించాడు. దాంతో పేరొచ్చి 1901లో చికాగోలో మళ్లీ అచ్చయింది. స్కేలు, వృత్తలేఖిని లేకుండా ఉత్త మడతతో సమబాహు త్రిభుజం, పంచభుజి, షడ్భుజి వస్తాయి. ఒక్కచోట ఆయన లెక్క తప్పింది. ఘనాన్ని రెట్టింపు చేసే పాత గ్రీకు సమస్య మడతకి లొంగదనుకున్నాడు. 1936లో ఇటలీకి చెందిన మార్గరీటా బెలోక్ అనే ఆమె, రెండు బిందువుల్ని ఒకేసారి రెండు గీతల మీదకి తెచ్చే ఒక మడతతో అది సాధ్యమేనని రుజువు చేసింది. మద్రాసు పుస్తకం ఇజ్జత్ దానివల్ల ఏమీ తగ్గలేదు.

ఇక ఈ మడతలవాళ్ల బిరాదరీ. ఇది ఈమధ్యదే. అకిరా యోషిజావా 1911లో పుట్టాడు. లోహపు కార్ఖానాలో పనిచేస్తూ కుర్రాళ్లకి జామెట్రీ మడతలతో చెప్పేవాడు. పూట గడవక సముద్రపు నాచుతో చేసే ఊరగాయ లాంటి తినుబండారం ఇల్లిల్లూ తిరిగి అమ్మాడు. 1952లో ఒక పత్రిక ఆయన మడిచిన 12 రాశి జంతువుల బొమ్మలు వేసింది. 1954లో పుస్తకం వచ్చింది. లోయ మడతకి చిన్నగీతలు, కొండ మడతకి గీత-చుక్క, ఎటు తిప్పాలో బాణం. ఈ నిషానీల్ని అమెరికాలో రాండ్లెట్, ఇంగ్లండ్‌లో హార్బిన్ తమ పుస్తకాల్లోకి తీసుకున్నారు. జపనీస్ ఒక్క అక్షరం రాని మనిషి కూడా ఆ పుస్తకం చూసి మడవగలడు. 1955లో గెర్షన్ లెగ్‌మన్ అనే అమెరికన్ పూనుకుని ఆమ్‌స్టర్‌డామ్ మ్యూజియంలో ఆయన బొమ్మల నుమాయిష్ పెట్టించాడు. 1958లో న్యూయార్క్‌లో లిలియన్ ఒపెన్‌హైమర్ ఒరిగామి సెంటర్ మొదలుపెట్టింది. 'ది ఒరిగామియన్' అనే ఖబర్‌నామా అక్కడే మొదలైంది. ఎవరు కొత్త బొమ్మ చేశారు, ఏ కాగితం ఎక్కడ దొరుకుతుంది, ఏ పుస్తకం వచ్చింది అని ఊరూరి శౌఖీన్లకి చేరేది. ఆమె పుట్టిన అక్టోబర్ 24 నుంచి నవంబర్ 11 దాకా ఇప్పటికీ ప్రపంచ ఒరిగామి రోజులు జరుపుకుంటారు.

ఆ బిరాదరీలో ఒక దస్తూర్ నాకు చాలా నచ్చింది. బొమ్మ చూపించేటప్పుడు మూడు పేర్లు చెబుతారు. కల్పించింది ఎవరు, మడిచింది ఎవరు, పటాలు గీసింది ఎవరు. ఎవరిదో తెలియకపోతే 'సంప్రదాయం' అని రాస్తారు గానీ తమ పేరు పెట్టుకోరు. తమ మడతగీతల పటాలని అడక్కుండా వర్ణచిత్రాలుగా వేశారని 2011లో ఆరుగురు కళాకారులు అమెరికాలో కోర్టుకి కూడా వెళ్లారు. రెండేళ్లకి రాజీ అయింది. రొట్టెముక్క విలువ లేని కాగితం మీద ఇంత పట్టింపా అనిపించొచ్చు. కానీ మన ముహద్దిసీన్ చేసింది ఇదే. మాట ఎవరిదో వారికే అప్పజెప్పడం. అమానత్ అంటే అదే కదా.

పేరు లేకుండా ఎన్నో హునర్లు పోగొట్టుకున్న ఖౌమ్ మనది. చరిత్ర పుస్తకాల్లో మన పేజీలు చిరిగినప్పుడల్లా మనకి కోపం వస్తుంది, రావాలి కూడా. అలాంటప్పుడు మనది కాని పేజీని మన జిల్దులో కుట్టుకుంటే, రేపు మన అసలు పేజీలని కూడా ఎవరూ నమ్మరు. షాతిబా కాగితం, వర్రాఖుల బజార్, అబుల్ వఫా కితాబు, ఇవి చాలవా? ఈ రోజుల్లో కాగితాన్ని మడిచి అల్‌హమ్రా గోడల నక్షాల లాంటి నక్షాలు తెచ్చే కళాకారులున్నారు. అది మన దగ్గరినుంచి వాళ్లు తీసుకున్నది, పేరు చెప్పి తీసుకున్నది. అందలుస్ కాలపు మడత బొమ్మ గురించి ఏదైనా అరబీ కితాబులో మీకు కనిపిస్తే సఫా నంబరుతో చెప్పండి. నా కంటే ఎక్కువ ఖుషీ అయ్యేవాళ్లు ఉండరు. అప్పటిదాకా ఆ మాట జయీఫ్.

క్లాసులు అయిపోయే ముందురోజు పిల్లలకి ఇదంతా చెప్పాను. "మొన్న నేను చెప్పింది గలత్" అన్నాను. ఒక పిల్లాడు నవ్వాడు. ఆ అమ్మాయి నవ్వలేదు. నోటుపుస్తకం చివరిపేజీ తిప్పి, మొన్న నేను చెప్పగానే రాసుకున్న వాక్యం మీద గీత కొట్టి, పక్కన 'రిజ్మా = రీము' అని రాసుకుంది. తర్వాత అదే పేజీ చింపి చతురస్రం చేయబోతుంటే ఆపాను. మా దుకాణం నుంచి దస్తా తెల్లకాగితాలు తెచ్చానమ్మా, ఆ పేజీ ఉంచుకో అన్నాను.